మిద్దె గదిలో నడక

నడిచి నడిచి యేడికి పోతవు మామా,
సద్దిమూట ఈడనే మరిస్తివి మామా...

తర్వాతి చరణమేందో గంగారత్నానికి ఎంత తలచుకున్నా రాదు. చిన్నప్పుడు నాట్లేస్తూ పాడుకున్న పాట. మొగుడు అప్పయ్య పోయిన కాడి నుంచి అదే నోట్లో నానుతోంది.

కొంటా బజారులో వాళ్ళ కిరాణా కొట్టు మిద్దె అంటే జనానికి హడలు. రాత్రిపూట కరెంటు పోయి వచ్చిందంటే చాలు — పై గదిలో అడుగులు. థప్... ఒక కాలు ఆనినట్టు. సర్ర్... ఇంకో కాలు ఈడ్చినట్టు. పనికొచ్చే సోమి చీకటి పడకముందే చీపురు మూలకేసి వెళ్ళిపోయేది. "అప్పయ్య సేఠు స్వర్గానిక్కూడా నడిచే పోతుండు" అని పాన్ డబ్బా కాడ నవ్వుకునేవాళ్ళు. పొద్దున మాత్రమే.

ఆ గదిలో ఉన్నది నడక మిషను, ట్రెడ్‌మిల్. పక్షవాతం వచ్చి ఎడమకాలు పడిపోతే అప్పయ్య దాని మీదే మళ్ళీ నడక నేర్చుకున్నాడు. దాని మీదే, నడుస్తూ నడుస్తూనే పోయాడు.

మూడోనాడు ఆనవాయితీ ప్రకారం బూడిద జల్లించి నేల మీద పరిచి, గంప బోర్లించారు — పోయినవాడు వచ్చి అడుగేసి పోతాడని. తెల్లారి గంప ఎత్తితే చీమ నడిచిన జాడైనా లేదు. ఆమె మీద కోపంతోనే చెప్పకుండా పోయాడన్నారు చుట్టాలు. ఆ మాట ఆమె గుండెలో ముల్లయి కూర్చుంది.

అందుకే అడుగులు వినబడ్డ మొదటి రాత్రి బజారంతా వణికితే, ఆమె ఆయనకని కంచంలో అన్నం పెట్టుకుని మెట్ల కింద కూర్చుంది. ఆ తర్వాత ప్రతి రాత్రీ అంతే.

ఇప్పుడా అడుగులు ఆగిపోయాయి. మిషను చచ్చింది. జగదల్‌పూర్ నుంచి మిషన్లు బాగుచేసే ముయాను పిలిపించింది. దెయ్యాన్ని వెళ్ళగొట్టడానికనుకున్నారు జనం. కాదు... తిరిగి రప్పించుకోవడానికి.

ముయా సొంతూరు కొంటా దగ్గరి భేజ్జి. బస్సు దిగేసరికే పొద్దు గుంకింది. మిషను విప్పి చూసి, ఉన్నమాట చెప్పేశాడు. లోపలి బోర్డు పాడై, కరెంటు వచ్చినప్పుడల్లా దానంతట అదే తిరిగేదట. రబ్బరు పట్టా అతుకు లేచి, రోలరుకు తగిలితే థప్, చెక్కకు రాసుకుంటే సర్ర్.

"దెయ్యమూ లేదు, గియ్యమూ లేదమ్మా. రబ్బరు."

గంగారత్నం కూలబడింది. ఇన్నాళ్ళూ రబ్బరుకా తను అన్నం పెట్టింది?

కొత్త బోర్డు, కొత్త పట్టా వేశాడు ముయా. ఇక మిషనుకు దాని వేగం దానికి నేర్పాలట. మీట నొక్కి వదిలేస్తే మెల్లగా మొదలై, జోరు దాకా వెళ్ళి అదే ఆగుతుందట. అంతసేపూ పట్టా మీద ఎవరూ ఉండకూడదట — బరువు పడితే లెక్క తప్పుతుందట.

గంగారత్నం కిందికి దిగింది. పొయ్యిలో బూడిద తెచ్చి, జల్లించి, మిషను వెనక, మనిషి దిగే చోట పరిచింది. ముయా వద్దనబోయి ఊరుకున్నాడు. వాళ్ళ ఊళ్ళోనూ ఉన్నదే కదా ఆ పద్ధతి.

మీట నొక్కాడు. పట్టా కదిలింది. చప్పుడు లేదు... నీళ్ళలా సాగుతోంది. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. రాలేదు. నిజంగానే కోపంతో పోయాడు.

అంతలో మోటారు మూలిగింది. జోరు అందుకోవాల్సిన పట్టా... మెల్లగా... ఆగి ఆగి...

ముయా వంగి చూశాడు. ఏదీ అడ్డుపడలేదు.

"అమ్మా," అన్నాడు గొంతు తగ్గించి, "ఇది ఖాళీగా లేదు... బరువు లాగుతాంది."

కొత్త పట్టా మీద — థప్... సర్ర్...

మిషను ఆగింది. ముయా ఫోను లైటు కిందికి వంచాడు. బూడిదలో కుడి పాదం, ఐదు వేళ్ళతో. పక్కనే ఎడమది — ఈడ్చిన గీత. రెండూ మెట్ల వైపే.

గంగారత్నం కంచం కడగడానికి లేచింది. ఆయన పోయిన రోజు తను కింద నుంచి అన్నానికి కేకేస్తే, మిషను మీద నుంచి ఆయన అన్న ఆఖరి మాట చెవిలో మెదిలింది.

"నువ్వు వడ్డియ్యి రత్నం... ఇంకొంచెమే ఉంది, దిగుతున్న."