ఆపరేషన్ కామ్ త్రీ

“ఖర్జూరం ఎట్లుంది?”

“తియ్యగానే ఉంది. గింజే గట్టిది.”

కోడ్ సరిపోయింది. సౌదీలోని జుబైల్‌లో, ఓ టీ కొట్టు మూల బల్ల దగ్గర దావూద్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. పైకి హైదరాబాదీ టాక్సీ డ్రైవర్. అసలు పని, భారత గూఢచార విభాగానికి గల్ఫ్‌లో ఏజెంట్లను నడపడం. ఎదురుగా కూర్చున్నది ఏజెంట్ ముజాహిద్. సొంతూరు కడప, ఇక్కడి వేషం ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్.

“నీ ప్లాంటు రిపేర్లకని షట్‌డౌన్‌ల ఉంది గదా,” అన్నాడు దావూద్. “ట్యాంకుల వెల్డర్లు ఉండంగ నైట్రోజన్ వాల్వ్ తెరవాలని ఓ విదేశీ ముఠా ప్లాన్ వేసింది. వాసన రాదు, చప్పుడు ఉండదు. ఊపిరాడక చచ్చిపోతరు. నింద మన టెక్నీషియన్ల మీద పడ్తది. అక్కడ అఫ్షాన్ అని సాఫ్ట్‌వేర్ కన్సల్టెంట్ ఉంది, మన మనిషే. ఆమెను కలువు.”

ముజాహిద్ టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. క్యాంపులో అతని పక్క మంచం మునిస్వామిది. మునిస్వామి వెల్డర్, ఆ ట్యాంకులోనే పని.

మర్నాడు మధ్యాహ్నం కంట్రోల్ క్యాబిన్‌లోకి అఫ్షాన్ వచ్చింది. నల్లటి అబాయా, ఖరీదైన అత్తరు, ఎవరినైనా నమ్మించే నవ్వు.

“ఈ వాల్వ్ కంట్రోలర్ పాతకాలంది. సీరియల్ పోర్ట్ తప్ప ఇంకేదీ అర్థం కాదు. అందుకే ఈ పీసీలో లోకల్ వెబ్ సర్వర్ పెట్టాను. బ్రౌజర్‌లో పేజీ తెరిచి బటన్ నొక్కితే, సర్వర్ ఆ ఆజ్ఞను కామ్ త్రీ అని పీసీ నెంబరిచ్చిన పోర్ట్ గుండా వైరులోకి పంపిస్తుంది. నిన్న టెస్ట్ చేశాను, చక్కగా పని చేసింది.”

“ముఠా తరఫున ఆ బటన్ నొక్కేదెవరు?”

“నేనే,” అంది అఫ్షాన్. ఆమె చేతిలో పిస్టల్ ఉంది.

అతన్ని కుర్చీకి కేబుల్ టైలతో బిగించి, నోటికి టేపు వేసింది. “టైమర్ పెట్టాను. మీ లాగిన్‌తోనే,” అని ఉక్కు తలుపుకు తాళం వేసి కారెక్కింది.

వాచీలో ట్రాన్స్‌మిటర్ ఉంది. ఆ ఉక్కు గదిలో సిగ్నల్ లేదు. బూటు మడమలో బ్లేడు ఉంది. ఆ బూటు గేటు దగ్గర లాకర్లో ఉంది, ప్లాంటులోకి కంపెనీ సేఫ్టీ షూ తప్ప రానివ్వరు కనుక.

కిటికీ అద్దంలోంచి ట్యాంకు కనబడుతోంది. మునిస్వామి లోపలికి దిగబోతూ ఇటు చూసి చెయ్యి ఊపాడు. అన్న ఏసీలో హాయిగా కూర్చున్నాడనుకున్నాడేమో. ముజాహిద్ అరిచాడు. టేపు వెనకాల మూలుగు మిగిలింది. మునిస్వామి దిగిపోయాడు.

కీబోర్డును తలతో అందుకోబోతే కుర్చీతో సహా నేల మీద పడ్డాడు. అక్కడి నుంచి స్క్రీన్ మాత్రం బాగా కనబడుతోంది. పోయిన శుక్రవారమే మునిస్వామి కూతురు వీడియోలో తన కొత్త పన్ను చూపించింది. ఆ పిల్లకు ఏమని చెప్పాలి? ఇన్నేళ్ళ ట్రైనింగులో ఏడవడం ఎవరూ నేర్పలేదు, అయినా ఏడుపు వచ్చేసింది.

మూడు. రెండు. ఒకటి.

పేజీ ఎర్రబడింది. ‘కామ్ త్రీ పోర్ట్ కనబడటం లేదు.’ సర్వర్ మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ అదే మాట.

సాయంత్రపు నమాజు పిలుపు, అసర్ అజాన్‌కు పని ఆగింది. మునిస్వామి ట్యాంకులోంచి బయటికొచ్చి, అద్దంలోంచి చూసి, గ్రైండర్‌తో తాళం కోసేశాడు.

“ఎవురు నిన్ను కట్టేసిందన్నా?”

కట్లు ఊడగానే ముజాహిద్ ముందు దావూద్‌కు ఫోన్ చేశాడు. పొద్దు గుంకేలోపు కువైట్ సరిహద్దుకు పోయే ఖఫ్జీ రోడ్డులో, చెక్‌పోస్ట్ దగ్గర అఫ్షాన్ దొరికింది.

తర్వాత అతను పీసీ వెనక్కి వంగి చూశాడు. సీరియల్ వైరు ఉండాల్సిన యూఎస్‌బీలో ఓ ఛార్జింగ్ వైరు ఉంది, సీరియల్ వైరు పక్కదాంట్లో ఉంది. చోటు మారగానే పీసీ దానికి కొత్త నెంబరు ఇచ్చింది. కామ్ త్రీ కాస్తా కామ్ ఫైవ్ అయింది. ఆ సంగతి సర్వర్‌కు ఎవరూ చెప్పలేదు.

మునిస్వామి తల గోక్కున్నాడు. “పొద్దన్నే పాపతో మాట్లాడతా ఉంటే ఫోన్ చచ్చిపాయన్నా. ఈ పీసీ ఎనకాల చేతికి తగిలిన వైరు పీకి నా ఛార్జింగ్ వైరు పెట్టుకున్నా. పీకిందాన్ని మళ్ళా చేతికి తగిలిన బొక్కలో పెట్టేసినాలే. నువ్వు ముట్టుకోవద్దని చెప్పినావు, నిజమే. తిట్టొద్దన్నా.”

ముజాహిద్ తిట్టలేదు. అతన్ని గట్టిగా కౌగిలించుకున్నాడు.

ఆపరేషన్‌లో ఏ పరికరం వాడారని ఢిల్లీ నుంచి ప్రశ్న వచ్చింది. ముజాహిద్ నిజమే రాశాడు: “ఛార్జింగ్ వైరు ఒకటి. వెల్డర్‌ది. తిరిగి ఇచ్చేశాను.”