ఖాళీ ఊళ్లో ఆరేసిన బట్టలు

తిన్నంత బరువు మళ్లీ నింపుకోవాలి. వరాలు మోకాళ్ల మీద కూర్చుని, చిన్న గొడ్డలితో మంచుగడ్డను పగలగొట్టి ముక్కలను వీపుసంచిలో సర్దుతోంది. పొద్దున తిన్న ఉప్మా, తాగిన చారు ఎంత తూగాయో అంత మంచు లోపలికి వెళ్లాలి. సంచి అడుగున తూకపుపట్టీ పచ్చగా వెలిగాక తాడు బిగించింది. పూర్వం సరదాకు కొండలెక్కిన వాళ్లకు దారి గడిచేకొద్దీ సంచి తేలికయ్యేదట. తొక్కుడు ముఠాకు ఆ సుఖం లేదు. సంచి తేలికైతే అడుగు తేలుతుంది. అడుగు తేలితే చలి నేలలోకి దిగదు.

చెవిలో పెట్టుకున్న బిళ్లలోంచి యంత్రపు గొంతు పలికింది. "శుభోదయం. తొక్కిన నేలను వదలరాదు. గీత దాటరాదు. మీ కోటులలో వెచ్చన నిండుగా ఉంది. నడక ప్రారంభించండి."

"నిద్ర లేచారండి అల్లుడుగారు," అన్నాడు గవర్రాజు, చలికడ్డీల మోపును భుజానికెత్తుకుంటూ. "కాఫీలయ్యాయో లేదో కనుక్కోండి మేస్త్రిగారూ."

"ఆయన తాగడు, మనల్ని తాగనివ్వడు. లెగండి లెగండి," అంది బుల్లెమ్మ.

గొంతుకు ఆ పేరు పెట్టింది బుల్లెమ్మే. పని చెయ్యడు, సంచి మొయ్యడు, మర్యాదకు మాత్రం లోటు రాకూడదు, అల్లుడు కాక మరెవరు అని ఆవిడ వాదన. ఆవిడ ఒకప్పుడు గోదావరి లంకల్లో నాట్ల ముఠాకు మేస్త్రి. సముద్రం పొంగి వచ్చిన ఉప్పుముంపులో లంకలన్నీ పోయాక ముఠాను ముఠాగానే ఎక్కించి ఈ కొండలకు పంపారు. బురదలో దిగిన కాళ్లే మంచులో దిగాయి.

మంచు మెత్తగా పేరుకుంటే నేలకు దుప్పటి కప్పినట్టే. దుప్పటి కింద నేల వెచ్చబడి, కరిగి, వదులవుతుంది. ఒకరోజు కొండవాలంతా ఊడి లోయలోకి జారిపోతుంది. ఆ దుప్పటిని తొక్కి అణిచేస్తే చలి లోపలికి దిగి నేల బిగుస్తుంది. యంత్రాల అదురుకు వాలు తట్టుకోదు కాబట్టి మనుషుల్ని పెట్టారు. ఒక కనుమ నుంచి మరో కనుమ దాకా, శీతాకాలం పొడుగునా, సంచులు మోస్తూ నడుస్తూ తొక్కాలి. ఎక్కడ తొక్కాలో కళ్లద్దాలలో పచ్చని గీత కనిపిస్తుంది. గవర్రాజు తొక్కినచోట చలికడ్డీ పాతుతాడు. కడ్డీ పడితే ఆ చోటు తొక్కిన నేలగా గొంతు లెక్కలోకి ఎక్కుతుంది.

మిగతా ముఠాలన్నీ ముందుకు చూస్తూ నడుస్తాయి. బుల్లెమ్మ ముఠా మాత్రం వరుసగా నిలబడి, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ వాలు ఎక్కుతుంది. నాట్లలో అలవాటైన పద్ధతి. వేసిన అడుగు కళ్లెదురుగా ఉంటుంది కాబట్టి ఎక్కడ సందు మిగిలిందో తెలిసిపోతుంది. మొదట్లో గొంతు అభ్యంతరం చెప్పింది. "వెనక్కి నడిస్తే వేగం తగ్గుతుంది," అంది. "తొందరైతే మీరొచ్చి తొక్కండి బాబూ," అంది బుల్లెమ్మ. ఆ తర్వాత గొంతు ఆ మాట ఎత్తలేదు.

అలా లోయకు ముఖం పెట్టి ఎక్కుతున్నందువల్లే వరాలుకు ఆ బట్టలు కనిపించాయి.

చాలా కిందుగా, రాతి గోడల ఇళ్లు నాలుగైదు. ఒక ఇంటి ముందు దండెం. నిన్న సాయంత్రం దాని మీద నీలం గుడ్డ వేలాడటం ఆమె చూసింది. ఇవాళ ఎర్రది ఉంది. దాని పక్కన రెండు మరీ చిన్నవి, చలికి బిగుసుకుపోయి చేతులు చాచుకుని ఉన్నాయి.

ఆ ఇళ్లకు సూటిగా పైన ఉన్న వాలు దగ్గరకు వచ్చేసరికి కళ్లద్దాలలో గీత ఎడమకు తిరిగింది.

"కుడివైపుది విడుపు వాలు," అంది గొంతు. "దానిని తొక్కనవసరం లేదు. ఈ వేసవికి జారుతుంది. ఎడమకు సాగండి."

వరుస ఎడమకు జరిగింది. వరాలు జరగలేదు. పక్కనున్న మనిషి ఆమెకు తగిలి ఆగిపోయింది.

"ఏంటే పిల్లా, కాలు దిగిపోయిందా?" అంది బుల్లెమ్మ.

వరాలు ఎవరితోనూ ఎక్కువగా మాట్లాడదు. చారులో ఉప్పు తక్కువైనా అడగడానికి మొహమాటపడే పిల్ల. ఆమె కిందికి చేయి చూపించింది.

"అత్తా, కింద మనుషులున్నారు."

"ఆ ఊరు ఖాళీ," అంది గొంతు, అందరి చెవుల్లోనూ. "నివాసులను తరలించడం పూర్తయింది."

"బట్టలారేసున్నాయి," అంది వరాలు.

"అవి విడిచి వెళ్లిన పాత వస్త్రాలు."

"నిన్న నీలంవి. ఇయ్యాల ఎర్రవి." ఆమె చేయి ఇంకా దండెం వైపే చాచి ఉంది. "ఖాళీ ఊళ్లో బట్టలెవరు ఉతికారండి?"

గొంతు అదే స్వరంతో, "ఆ ఊరు ఖాళీ. ఎడమకు సాగండి," అంది.

వరాలుకు ఆ మాట కొత్త కాదు. ఉప్పుముంపు వచ్చిన ఏడాది వాళ్ల లంకను కూడా ఖాళీ అనే చెప్పారు. పడవలు వంతెన దాకా వచ్చి, అటు మనుషులు లేరన్న మాట విని తిరిగిపోయాయి. అమ్మ తన ఎర్రచీరను డాబా పిట్టగోడకు కట్టి, అది ఊడిపోకుండా దాని మీద తనే కూర్చుంది. చివరికి వద్దన్నా వినకుండా ఒక ఇసుక పడవ మనిషి వచ్చాడు. అతని పేరు కూడా వాళ్లకు తెలియదు. తడి ఇసుక వాసన మాత్రం వరాలుకు ఇప్పటికీ గుర్తుంది.

ఆమె గీత దాటి కుడివైపు వాలు మీద వెనకడుగు వేసింది. తర్వాత ఇంకొకటి.

కళ్లద్దాలలో గీత ఎర్రబడింది. "గీత దాటారు. వెచ్చన నిలిపివేయబడుతుంది."

కోటులో ఎప్పుడూ వినిపించే సన్నని రొద ఆగిపోయింది. ముందు వీపు మీద, తర్వాత చంకల్లో చలి దూరింది. ఎవరో తడిగుడ్డ చుట్టినట్టు అనిపించింది. ఆమె పళ్లు బిగించి తొక్కుతూనే ఉంది.

"వరాలూ, పిచ్చెక్కిందేంటే," అన్నాడు గవర్రాజు. "కోటు చల్లారితే పొద్దుగుంకేలోగా నువ్వు మంచుగడ్డవై పోతావు. నిన్ను కూడా సంచిలో నింపుకోవాలి మేం."

"తొక్కుతుంటే వెచ్చగానే ఉంది బాబాయ్. ఆగితేనే చలి."

"ఒక్కదానివి ఎంత తొక్కుతావు? గోరంత."

"గోరంత చాలు. నువ్వొచ్చి ఒక్క కడ్డీ పాతు. తొక్కిన నేలను వదలకూడదన్నది ఆయన మాటేగా. తొక్కేశాక విడుపు వాలు ఎలాగవుద్ది?"

గవర్రాజు భుజం మీది మోపు వంక చూసుకున్నాడు. అతని కోటు ఇంకా వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనం వదులుకోవడానికి ఎవరికైనా మనసొప్పదు. "అది కాదమ్మా, ఇంతమందిమి..." అని బుల్లెమ్మ వైపు తిరిగాడు. "మేస్త్రిగారూ, మీరైనా చెప్పండి."

"మీ ముఠా సభ్యురాలిని వెనక్కి పిలవండి," అని గొంతు కూడా బుల్లెమ్మనే అడిగింది.

బుల్లెమ్మ వాలు వంక చూసింది. వరాలు ఒంటరి వరుస వంకరటింకరగా పోతోంది. అడుగుకూ అడుగుకూ మధ్య బెత్తెడు సందులు.

"ఏం తొక్కుడే అది," అంది. "నాట్లేసేదాని కూతురివని ఎవరితోనూ చెప్పకు. నా పరువు పోద్ది." సంచిని ఒకసారి పైకెగరేసి సర్దుకుని, నడుం వంచి, వీపు వాలుకు తిప్పి వరాలు పక్కకు వచ్చి నిలబడింది. ఆవిడ కోటు రొద కూడా ఆగిపోయింది. "అబ్బా," అంది. "ఇంతకాలం అల్లుడు మనకి కప్పిన శాలువా ఇదన్నమాట. సరే, కాలు కలుపు."

ముఠాలో మిగతావాళ్లు ఒకరి తర్వాత ఒకరు గీత దాటారు. దాటిన ప్రతిసారీ ఒక రొద ఆగింది. చివరికి కొండమీద అడుగుల చప్పుడు ఒక్కటే మిగిలింది. బుల్లెమ్మ పాత నాట్ల లెక్కన "హోయ్" అంటే అందరి ఎడమకాళ్లు పడ్డాయి, మళ్లీ "హోయ్" అంటే కుడికాళ్లు. ఊపిరి తెల్లగా లేచి కలిసిపోయింది. వరాలుకు వేళ్ల కొసలు మొద్దుబారాయి గానీ నడుం దగ్గర చెమట పట్టింది.

గవర్రాజు అందరికంటే చివర వచ్చాడు. తొక్కిన మంచులో చలికడ్డీ ఆనించి, కాసేపు దాన్ని పట్టుకుని నిలబడ్డాడు. "అల్లుడుగారూ, కోపం చేసుకోకండేం," అని కడ్డీని లోపలికి దింపాడు.

గొంతు వెంటనే పలికింది. "కొత్త నేల నమోదైంది. తొక్కిన నేలను వదలరాదు. విడుపు వాలు మీద..." ఆగింది. "గీత దాటరాదు. తొక్కిన నేలను వదలరాదు. గీత..."

రెండు ఆజ్ఞలూ ఒకదానికొకటి అడ్డం పడి గొంతు మూగబోయింది. కళ్లద్దాలలో ఎర్రగీత ఎడమకు ఒకసారి, కుడికి ఒకసారి ఊగి మాయమైంది. ముఠా ఈ కొండలకు వచ్చిన నాటి నుంచి చెవుల్లో ఇంత నిశ్శబ్దం ఎవరూ ఎరగరు.

వెచ్చన తిరిగి రాలేదు. రాత్రికి తలదాచుకోవాల్సిన కనుమ గుడారం ఇంకా దూరంగానే ఉంది. వరుస ఆగకుండా ఎక్కుతోంది.

వెనక వస్తున్న రెండో ముఠా దారి చీలిన చోటికి చేరుకోవడం వరాలు చూసింది. వాళ్ల కళ్లద్దాలలోనూ గీత పోయినట్టుంది. గుంపుగా ఆగి, చెవులు తట్టుకుంటూ, తొక్కిన దారి రెండుగా చీలిన చోట ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. ఇంకా కిందుగా, దండెం దగ్గరకు ఎవరో వచ్చారు. ఎర్రగుడ్డ తీయబోయి, చేయి అలాగే ఉంచి తలెత్తి కొండ వంక చూస్తున్నారు.

రెండో ముఠాలో ఒక పొడుగు మనిషి లోయ వంక తిరిగాడు. కాసేపు చూశాడు. తర్వాత వీపు వాలుకు పెట్టి, అలవాటు లేక తూలుతూ, వెనకడుగు వేసుకుంటూ కుడివైపుకు ఎక్కసాగాడు.

"అల్లుడు అలిగాడే," అంది బుల్లెమ్మ ఆయాసపడుతూ. "మాటా పలుకూ లేదు."

"అలగనీ అత్తా," అంది వరాలు. "నీ ఎడంకాలి పక్కన సందుంది. జరుగు."