నిప్పు లేని పొగ

చనిపోయిన భర్త సిగరెట్ తాగుతున్నాడని ఫిర్యాదు చేయడానికి గీతాంజలి డిటెక్టివ్ సుబ్బులు ఆఫీసుకి వచ్చింది. మంచు పడ్డ కోటు విప్పలేదు, కూర్చోలేదు.

ఆమె భర్త రాజగోపాల్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. ఆమె సిగరెట్ కంపెనీ మీద కేసు వేసింది. అప్పట్నుంచీ చీకటి పడగానే ఆయన గదిలోంచి ఆయన సిగరెట్ వాసనే వస్తోందట.

"ఆయనే కేసు వద్దంటున్నారేమో మేడమ్. సోమవారం విత్‌డ్రా చేసేస్తాను."

పైగా ఆయన తాగింది ఆ కంపెనీ సిగరెట్లే అనడానికి లాయరు రుజువు అడుగుతున్నాడట. జబ్బు తెలిశాక కూడా దొంగచాటుగా తాగిన మనిషి, ప్యాకెట్లు ఎక్కడ దాచాడో చెప్పి పోలేదు.

"దయ్యమైతే నా లైసెన్సు పనికిరాదు," అంది సుబ్బులు. "మనిషైతే సాయంత్రం వస్తాను."

షామ్‌బర్గ్ ఊళ్లో ఆ ఇంటి కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి, వాసన పోవాలని. సుబ్బులు తుమ్మినా అందులో క్లూ వెతికే అసిస్టెంటు నిశాంత్, వణుకుతూనే చెత్తబుట్టలు గాలించాడు. దొరికినవన్నీ ఫిల్టర్లే. కాలకుండా, తుంచి పారేసినవి.

"ముట్టించని సిగరెట్‌కి పొగేంటి మేడమ్?" అడిగాడు, సుబ్బులు వెనక్కి జరుగుతూ.

రాజగోపాల్ తమ్ముడు రఘువీర్ కింద బేస్‌మెంట్‌లో ఉంటాడు. గ్రీన్‌కార్డ్ చేతికొచ్చేదాకా కోర్టులూ గీర్టులూ వద్దని వదినకి మొదటే చెప్పాడట. నిశాంత్ అతన్ని అనుమానంగా చూశాడు. కానీ వాసన వచ్చినప్పుడు గదిలోకి తొంగిచూసింది కూడా అతనే.

"అమ్మ ఒక్కతే కూర్చుని జపం చేసుకుంటోంది. పిలిస్తే పలకలేదు. చిమ్మచీకటండీ. ఎక్కడా చిన్న నిప్పు కూడా లేదు."

అప్పుడే ఆ అమ్మ, కోటమ్మ, పొయ్యి మీంచి దించిన కాఫీ తెచ్చింది. రఘువీర్ నాలుక కాల్చుకున్నాడు. నిశాంత్ ఊదుకుంటూ కూర్చున్నాడు. కోటమ్మ గ్లాసు ఎత్తి మంచినీళ్లలా తాగేసింది. మీది ఏ ఊరని సుబ్బులు అడిగితే, శ్రీకాకుళం పక్క, సముద్రం ఒడ్డునే అంది.

సుబ్బులు అందర్నీ డైనింగ్ టేబుల్ చుట్టూ కూర్చోబెట్టింది.

"నిప్పు ఉంది రఘువీర్ గారూ. నోట్లో ఉంది. మీ తీరంలో ఆడవాళ్లు చుట్టని నిప్పున్న కొస లోపల పెట్టుకుని కాలుస్తారు. అడ్డపొగ. బయటికి వెలుగు కనబడదు, పలకడానికి నోరు ఖాళీ ఉండదు. సిగరెట్‌కి ఫిల్టర్ అడ్డం కాబట్టి తుంచేయాలి. ఆ నోటికి కాఫీ వేడి ఒక లెక్కా?"

"అమ్మ చుట్ట ఎప్పుడో మానేసింది," అన్నాడు రఘువీర్, తల్లి మొహం చూడకుండా.

కోటమ్మ రొంటిన దోపిన ప్యాకెట్ తీసి కోడలి ముందు బల్ల మీద పెట్టింది. అందులో ఒకటే మిగిలింది.

"నీకు తెలీకుండా నా సూట్‌కేసులో దాచేవాడమ్మా. లాయరు కోసమని గదంతా వెతికి, చొక్కాలన్నీ ఉతికి దానం ఇచ్చీసినావు. వాడి వాసన ఇంట్లోంచి పోతంది. అందుకే ముట్టించినాను."

సుబ్బులు ప్యాకెట్ తిప్పి కంపెనీ పేరు చూసింది.

"మీవాడు తాగింది ఇవేనని కోర్టులో చెబుతారా?" అడిగింది సుబ్బులు. "కంపెనీ వాళ్లు మీ చుట్టల సంగతీ లాగుతారు. ఇంట్లో మీ పొగే వాడి ప్రాణం తీసిందంటారు."

"అననీ. నానూ రోజూ అదే అనుకుంతన్నాను. ఐనా చెబుతాను."

సుబ్బులు ఆ సిగరెట్ తీసి కోటమ్మ అరచేతిలో పెట్టింది. "కోర్టుకి ప్యాకెట్ చాలు. లోపలిదాని గురించి నన్నెవరూ అడగలేదు."

గీతాంజలి లేచింది. విత్‌డ్రా కాగితాలకే వెళుతోందనుకున్నాడు నిశాంత్.

ఆమె ఒక్కొక్క కిటికీ మూసుకుంటూ వచ్చింది.