పూడ్చిన బావి కాడి గొంతు

ఇబ్రహీంపట్నం నుంచి బొంగులూరు గేటుకు పోయే తొవ్వల, పాత మోటబావిని పూడ్చిన జాగా ఒకటుంది. పొద్దుగూకినంక ఆ పక్కకు మనిషన్నోడు పోడు.

ఔటర్ రింగు రోడ్డు పడ్డ కొత్తల, చుట్టూ చేన్లన్నీ ప్లాట్లయినయి. హద్దురాళ్లకు సున్నం పూసిన్రు. బావి అడ్డమొస్తుందని రాత్రికి రాత్రి టిప్పర్లతోని మట్టి పోసి సాపు చేసిన్రు. బావి పోయింది. గని... ఏడుపు మిగిలింది.

గాలి లేసిన రాత్రుల్ల ఆడమనిషి గొంతు. ముందు సన్నగ మూలుగు. తర్వాత పొడుగ్గ — ఊ... ఊ... అని. బండ్ల మీద పోయేటోళ్లు వెనక్కి చూడకుంట పోతరు. ఒక మేస్త్రి అది విని, మూడు రోజులు జరంతోని లేవలేదట.

సంగతి ఆడికే ఆగితే బాగుండు. దయ్యం ఉందంటే సరిపోదు ఊరికి. దాన్ని లేపిన మనిషి ఎవరో తేలాలె. ఆ జాగా పక్కపొంటే రేకుల ఇంట్ల బుగ్గమ్మ ఒక్కతే ఉంటది. ఇంటెనక తోటకూర, పుంటికూర పెట్టుకొని అమ్ముకునే ముసలామె. మేస్త్రికి జరమొచ్చిన నాడు ఆమె ఎదురొచ్చిందట. ఇగ చాలదా? "మంత్రాలు చేస్తది" అన్నరు. ఆదివారం లోపల ఊరిడిచిపెట్టాలన్నరు పెద్దమనుషులు. పోకుంటే ఇల్లుండదన్నరు పోరగాండ్లు.

గురువారం నాడు బుగ్గమ్మ భాగ్యను వెతుక్కుంట వచ్చింది.

భాగ్య పగలు బట్టలు కుడుతది. వారంల మూడు పొద్దులు రేడియోల మాట్లాడుతది. జీతం లేని కొలువు. మహిళా సంఘం బిల్డింగు మీద ఒక్క అర్ర, చప్పుడు మర్లకుండ గోడల నిండ అతికిచ్చిన గుడ్ల ట్రేలు, ఒక మైకు, ఒక ఫోను — అదే స్టేషను. పది పన్నెండు ఊర్లకు వినపడుతది. టీకాల సంగతి, మక్కల ధర, ఎవరి బర్రె తప్పిపోయిందో ఆ సంగతి — అన్నీ ఆమె నోటెంటే. మొహం ఎరగనోళ్లు గూడ ఆమె గొంతును గుర్తుపడుతరు.

"బిడ్డా, నీ మాట పది మంది వింటరు," అన్నది బుగ్గమ్మ. "నేనేం చెయ్యలేదని జర చెప్పు."

"నేను చెప్తే నమ్మరవ్వా. ఆ గొంతు వాళ్ల చెవులల్ల ఉన్నది."

అని ఊకోలేకపోయింది భాగ్య. ముసలామె చేతులకు కూరమడి మట్టి ఇంక అంటుకొనే ఉన్నది. ఆ గొంతునే పట్టి తేవాలనుకున్నది.

స్టేషను చూసుకునే ఈశ్వరయ్య సారు రిటైరైన పంతులు. "నేను గూడ వస్త," అన్నడు.

"మీరు ఫోను కాడ ఉండుండ్రి సారూ. గంటల నేను రాకుంటే మనుషులను తీస్కరాండ్రి."

శుక్రవారం రాత్రి. గాలి మస్తుగ లేసింది. భాగ్య రోడ్డు మీద స్కూటీ ఆపి, మెడల రికార్డరు ఏసుకొని, టార్చి పట్టుకొని ప్లాట్లల్లకు దిగింది. హద్దురాళ్లు తెల్లగ... కూసున్న మనుషుల లెక్క.

"టైము పదిన్నర," అని రికార్డర్ల గుసగుసగ చెప్పింది. "నేను భాగ్యను. పూడ్చిన బావి కాడికి పోతున్న..."

మాట పూర్తి కాలేదు.

ఊ... ఊ...

కాళ్లు వెనక్కే గుంజినయి. గని బుగ్గమ్మ చేతులు యాదికొచ్చినయి. ఒక్కడుగు... ఇంకో అడుగు... గొంతు దగ్గరికొస్తున్నది. ఆకాశంకెల్లి కాదు, చెట్టుకెల్లి కాదు. నేలల్నుంచి!

టార్చి కిందికి ఏసింది.

మట్టిలనుంచి జానెడు పైకి లేసిన పైపు. పూడ్చినంక ఎవరో బోరేసి, నీళ్లు పడక, మూత గూడ పెట్టకుంట ఇడిచిపెట్టిన బోరు పైపు. దాని నోటి మీదికెల్లి గాలి పోయినప్పుడల్లా — ఊ...

భాగ్య అరచెయ్యి అడ్డం పెట్టింది. బందైంది. తీసింది. మళ్లా ఊ... అన్నది.

నవ్వొచ్చింది ఆమెకు. నవ్వుతుంటే కండ్లల్ల నీళ్లు గూడ వచ్చినయి. మెడల చున్నీ తీసి, ఉండ చుట్టి, పైపు నోట్ల గట్టిగ కుక్కింది.

"ఇగో, వినుండ్రి," అన్నది రికార్డరుతోని. "ఏం లేదు."

ఆ నిశ్శబ్దాన్ని నిమిషం సేపు రికార్డు చేసి, సారుకు ఫోన్ల చెప్పి ఇంటికి పోయింది.

శనివారం పొద్దుగూకినంక బుగ్గమ్మను పక్కనే కూసోబెట్టుకొని భాగ్య అంతా ఏసింది — నడక, మూలుగు, పైపు సంగతి. చివరికి ఆ నిమిషం నిశ్శబ్దం గూడ. ఏ చప్పుడూ లేని సంగతి జనం తమ చెవులతోనే వినాలని. అది నడుస్తుంటే హెడ్‌ఫోన్లు తీసి పక్కకు పెట్టి, బుగ్గమ్మకు మంచినీళ్లిచ్చింది.

అయిపోంగనే ఫోను మోగితే, అందరికి వినపడేటట్టు స్పీకరు పెట్టింది. ఎల్లేశ్. ఇల్లుండదని బెదిరిచ్చిన పోరగాండ్లల్ల ఒకడు.

"తప్పైంది అవ్వా," అన్నడు. "నువ్వేడికీ పోకు. మేం చూసుకుంటం."

బుగ్గమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. ఈశ్వరయ్య సారు కండ్లద్దాలు తుడుసుకున్నడు.

ఎల్లేశ్ ఫోను పెట్టలేదు. "భాగ్యక్కా... ఆఖరికి మాట్లాడినామె ఎవరు?"

"ఎవరు లేరు తమ్మీ. ఒక్కదాన్నే పోయిన."

"గదేందక్కా... మేమందరం విన్నం గద."

పెట్టేసరికి ఇంకో ఫోను. ఆదిబట్ల నుంచి ఎవరో ముసలామె. "పాపం బిడ్డా, ఆమెను బయటికి తీసిన్రా?"

"ఎవరిని పెద్దమ్మా?"

అవతల ఫోను పెట్టేసిన చప్పుడు.

మళ్లా ఫోను మోగుతున్నది. భాగ్య ఎత్తలేదు. సారుకు సైగ చేసి ఒక పాట ఏయించింది. హెడ్‌ఫోన్లు పెట్టుకొని, రికార్డింగు చివరికి జరిపింది. చున్నీ పైపుల దిగుతున్న సరసర. "ఇగో, వినుండ్రి. ఏం లేదు" — తన గొంతే.

తర్వాత నిశ్శబ్దం. పది సెకండ్లు... ఇరవై...

ఏం లేదు. హమ్మయ్య అనుకొని హెడ్‌ఫోన్లు తియ్యబోయింది.

అప్పుడు — మైకుకు నోరానిచ్చినంత దగ్గరగ, ఎగపోస్తున్న ఊపిరితోని —

"గుడ్డ తియ్యి, బిడ్డా... ఊపిరాడ్తలేదు..."