తొడ మీద చెయ్యి

ఆదివారం ఉదయం. పెద్దిరాజు ఇంటి అరుగు మీద పొరుగూరి మనిషి బోర్లా పడుకుని ఉన్నాడు. పెద్దిరాజు ఎదురుకాళ్ళతో పుట్టాడు. అలా పుట్టినవాడి కాలు మూడుసార్లు తగిలితే పట్టేసిన నడుము వదులుతుందని కొవ్వూరు చుట్టుపక్కల నమ్మకం.

ఆ మనిషి వెళ్ళాక కొడుకు గణేష్‌బాబు కుంటుకుంటూ వచ్చాడు. ఇరవై రెండేళ్ళవాడు. ముందురోజు బురదలో దిగబడ్డ మోపెడ్‌ని లాగాడు.

"గజ్జల్లో నొప్పి నాన్నా. కాలు చాపలేకపోతన్నా."

"నడుం పట్టేసుంటది. పడుకో."

"అమ్మ ఒద్దంటదేమో."

"మీ అమ్మ గుడికెళ్ళింది. ఊరందరికీ పనికొచ్చే కాలు నీకు పనికిరాదేంటి?"

గణేష్‌కి పుట్టుకతో హిమోఫీలియా. రక్తం సరిగా గడ్డకట్టదు. అది పెద్దిరాజుకు తెలుసు. అయితే పైకి దెబ్బ లేదు, రక్తం లేదు. మూడుసార్లు తొక్కాడు.

మధ్యాహ్నానికి గణేష్ తొడ మొద్దుబారింది. నిలబడితే మోకాలు మడతపడిపోయింది. తల్లి రత్నమాణిక్యం కారు మాట్లాడింది. ముగ్గురూ రాజమండ్రిలో ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళారు.

డాక్టరు స్కానింగ్ చూశాడు. "తుంటి లోపలి కండలో రక్తం చేరిందమ్మా. నరాన్ని నొక్కుతోంది. కొయ్యకూడదు. రక్తం గడ్డకట్టడానికి ఫ్యాక్టర్ ఇంజక్షన్లు, ఐసు, పూర్తి రెస్టు. ఎవరైనా మర్దనా చేశారా? చేసుంటే లోపల ఇంకా కారుతుండొచ్చు. మందు పెంచాలి."

"లేదండి. చెయ్యకూడదని మా ఇంట్లో అందరికీ తెలుసండి," అంది రత్నమాణిక్యం.

గది మూలనుంచి పెద్దిరాజు అన్నాడు. "నేను తొక్కానండి. మూడుసార్లు."

డాక్టరు చీటీ మీద రాసింది కొట్టేసి మళ్ళీ రాశాడు.

వరండాలో రత్నమాణిక్యం భర్తకు ఎదురుగా నిలబడింది. "మా తమ్ముడు పన్ను పీకించుకుని రక్తం ఆగక చనిపోయాడు. మీ పుట్టింటి రక్తమని ఇన్నేళ్ళూ దెప్పారు. పడ్డాను. రక్తం నాదేనండి. కాలెవరిది?"

"నాదే."

"ఇంక వాణ్ణి ముట్టుకోకండి."

అతను ముట్టుకోలేదు.

నాలుగో వారానికి గణేష్ కాలు చాపాడు. మోకాలికి పట్టీ వేసుకుని నిలబడ్డాడు. తొడకు మాత్రం స్పర్శ రాలేదు. రోజూ పొద్దున్నే తల్లి వాడి కళ్ళు మూయించి తొడ మీద చెయ్యి పెట్టేది.

"తెలుస్తోందా?"

"లేదమ్మా."

పెద్దిరాజు గుమ్మం అవతల నిలబడి వినేవాడు.

ఆరో ఆదివారం అరుగు మీదికి ఎవరో వచ్చారు. "నా కాలు మంచిది కాదు. ఆస్పత్రికెళ్ళండి," అని పెద్దిరాజు పంపేశాడు. వంటింట్లో పిండి కలుపుతున్న రత్నమాణిక్యం ఆ మాట విన్నది. కాసేపటికి లేచి వచ్చి భర్త మణికట్టు పట్టుకుంది. లోపలికి తీసుకెళ్ళి, కళ్ళు మూసుకుని పడుకున్న కొడుకు తొడ మీద అతని చెయ్యి ఆనించింది.

"తెలుస్తోందా?" అంది.

గణేష్ కళ్ళు తెరవలేదు.

"ఇది నీ చెయ్యి కాదమ్మా," అన్నాడు. "గరుగ్గా ఉంది."

రత్నమాణిక్యం పిండిచేతులతోనే మొహం కప్పుకుంది. పెద్దిరాజు చెయ్యి తియ్యలేదు.