రోడ్డు కింద పోయే బావి

గౌడవెల్లి దాటినంక, కొత్త రోడ్డుకని సర్కారు తీసుకున్న పొలాలుంటయి. అండ్ల ఒక పాత బావి. పొద్దుగూకితే అటు ఎవ్వరూ పోరు. బావిల నుంచి మనిషి గొంతు వస్తదని... ఎవరో పిలిస్తే పలికినట్టు "ఉన్న సారూ... ఉన్న" అంటదని ఊరంత మాట.

యేసయ్య నమ్మేటోడు గాదు. మేడ్చల్ల మందుల కంపెనీల పని ఆయనకు. ఇది ఆయన చెప్పిందే.

ఒకనాడు సెకండ్ షిఫ్టు దిగి వస్తాంటే, సరిగ్గ బావి కాడ బండి ఆగింది. కిక్కు గొట్టిండు. మల్ల గొట్టిండు. స్టార్ట్ గాలే...

అప్పుడు వినబడ్డది.

"మొగులయ్య... తండ్రి పేరు ఎంకయ్య..."

జరసేపు సప్పుడు లేదు. మల్ల అదే గొంతు, సన్నగ — "ఉన్న సారూ."

బావి లోపటి నుంచి ఇంకోసారి వచ్చింది... "ఉన్న సారూ..."

 యేసయ్యకు ప్రార్థన గూడ యాదికి రాలే. ఫోన్ లైటు ఏసిండు.

గట్టు మీద ఒక ముసలాయన. కాళ్లు బావిలకు యాలాడేసి కూసున్నడు. ఊర్లె మొగులయ్యే... పానమున్న మొగులయ్యే.

"తాతా... ఈడేం జేస్తున్నవ్?"

"భూముల విచారణ నాడు నా పేరు పిలిచిండ్రంట బిడ్డా. నేను లేకుంటి. దవాఖానల మా ఇంటామె బాలనర్సమ్మ కాడ ఉంటి. ఆ పొద్దున్నే పోయింది." ఏడ్వలే. ఊరికే చెప్తాండు. "పొలంల బావే లేదని రాసుకున్నరు. మేమిద్దరం తవ్వినం దీన్ని. గా ఒక్క మాట చెప్దామనుకున్న."

యేసయ్య పక్కన కూసున్నడు. "ఇంక గడువున్నది తాతా. నష్టపరిహారం మీద అర్జీ పెట్టొచ్చు, చట్టంల ఉన్నది. రేపు నేను తోల్కపోత."

"పెడితే బావి ఉంటదా?"

"ఉండదు... ఉండెనని రాస్తరు."

ముసలాయన బావిలకెళ్లి కాళ్లు పైకి తీసుకున్నడు. తర్వాత లేచి బండెక్కిండు... ఈసారి స్టార్టయింది.

తెల్లారి ఇద్దరూ మా భూసేకరణ ఆఫీసుకొచ్చిండ్రు. ముసలాయన బెంచి మీద కూసున్నడు. యేసయ్య కిటికీ కాడ నిలవడి, ఇదంత నాకు చెప్పిండు.

విన్న. అర్జీ తీసుకున్న. ముద్ర గొట్టి రసీదు ఇచ్చిన.

విచారణ నాడు పేర్లు సదివింది నేనే. మూడుసార్లు పిలిచి, 'గైర్హాజరు' అని రాసి, కింది పేరుకు పోయిన.

ఆయనకు నా మొఖం తెల్వదు. రసీదు మడిచి జేబుల వెట్టుకొని, నాకు దండం వెట్టిండు.