లైన్లోనే ఉన్నాను

…వద్దు తల్లీ, డాక్టరు దగ్గర్నుంచి మొదలుపెట్టకు. మీ పెద్దమ్మ చాప పరిచిన దగ్గర్నుంచి రాయి. ఈ అమ్మమ్మ నెమ్మదిగా చెబుతుంది, నువ్వూ నెమ్మదిగానే రాసుకో.

వెనక వరండాలో వాషింగ్ మెషీన్‌కీ కిటికీకీ మధ్య ఒక మనిషి కాళ్లు చాపుకునేంత చోటుంది. మీ పెద్దమ్మ తెల్లవారగానే అక్కడ చాప పరిచేది. నాలుగు ఆసనాలు వేసి, తర్వాత కళ్లు మూసుకుని కూర్చునేది. మెషీన్ మీద పెట్టిన ఫోన్లోంచి ఒక ఆడగొంతు మెత్తగా చెప్పేది. "ఊపిరి పీల్చండి… మెల్లగా వదలండి…"

ఆ మాట వినగానే ఆమె నడుం నిటారుగా అయిపోయేది. అది ధ్యానం వల్ల కాదు, అలవాటు వల్ల. ఆమె ఉద్యోగం అంబులెన్సు ఫోన్ల దగ్గర కదా. ఎవరో ఏడుస్తూ ఫోన్ చేస్తారు. "భయపడకండి. ఊపిరి పీల్చుకోండి. నేను లైన్లోనే ఉన్నాను. అడ్రస్ చెప్పండి." డ్యూటీ అంతా ఇవే మాటలు. బండి వాళ్లింటికి చేరగానే ఫోన్ పెట్టేస్తారు. అవతల మనిషి బతికాడో లేదో ఆమెకి తెలియదు. ఇంకో ఫోన్ మోగుతుంది.

ఇంట్లో ఆ పావుగంట కూడా ఆమెకి దక్కేది కాదు. మొదటి రోజే వాళ్లత్తగారు వంటింట్లోంచి కేకేసింది.

"అమ్మాయ్! ఎలాగూ ఖాళీగానే కూర్చున్నావుగా, పాలు పొంగకుండా కాస్త చూడు."

"కళ్లు మూసుకున్నానత్తయ్యా."

"ముక్కు తెరిచే ఉందిగా? మాడితే వాసనొస్తుందిలే."

ఆమె లేచి వెళ్లి పాలు దించింది. మర్నాడు మీ పెదనాన్న వంతు. లిఫ్టులు బాగుచేసే పని ఆయనది. ఎక్కడో పైఅంతస్తుల మధ్య లిఫ్టు ఆగిపోయిందని ఫోన్ వస్తే, స్క్రూడ్రైవర్ పెట్టె కోసం చాప ఎత్తి మరీ వెతికాడు. ఇక వాళ్లమ్మాయి పిట్ట సంగతి నీకు తెలియందేముంది! వాళ్లమ్మ ఆసనం కోసం పిల్లిలా చేతులూ మోకాళ్లూ నేల మీద ఆనించి నడుం వంచడం ఆలస్యం, వీపు మీద ఎక్కి కూర్చునేది.

మీ పెద్దమ్మ ఎవరినీ ఒక్క మాట అనలేదు. కోపం వస్తే అనేదేమో. రాలేదు. అసలు ఏదీ రావడం లేదు. అన్నం తింటే ఉప్పుందో లేదో తెలిసేది కాదు. పరుగుపందెంలో గెలిచిన పిట్ట కప్పు పట్టుకుని ఎగురుకుంటూ వస్తే, "చాలా మంచిది" అంది. ఫోన్లో మాట్లాడే గొంతుతోనే. ఆ పిల్ల కప్పు బీరువా మీద పెట్టి ఊరుకుంది.

ఆఫీసు డాక్టరు చెప్పింది దీని గురించే. రోజూ కాసేపు ఒళ్లు వంచి, కళ్లు మూసుకుని కూర్చోమన్నాడు. అలా చేసినా లాభం లేకపోతే కొన్నాళ్లు ఆ ఉద్యోగం మానుకోవాలన్నాడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు ఆమె. చెప్పాలని కూడా అనిపించలేదు.

ఒకరోజు పొద్దున ఆ గొంతు "ఊపిరి పీల్చండి" అంటుండగా వంటింట్లో గిన్నె దబ్బున పడింది. "అమ్మో!" అని అత్తగారి అరుపు.

మీ పెద్దమ్మ కళ్లు తెరవలేదు. కదల్లేదు. చల్లగా, స్పష్టంగా అంది. "భయపడకండి. ఊపిరి పీల్చుకోండి. అడ్రస్ చెప్పండి."

అడుగుల చప్పుడుకి ఆమె కళ్లు తెరిచింది.

గుమ్మంలో అత్తగారు. వేడిపాలు పడి ఎర్రబడ్డ చేతిని ఇంకో చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

"అడ్రసా? నీ వంటిల్లేనమ్మా," అంది.

మీ పెద్దమ్మ లేచింది. కుళాయి తిప్పి ఆ చేతిని నీళ్ల కింద పెట్టింది. గాజులు తీసింది. ఎంతసేపు ఉంచాలో అంతసేపు ఉంచింది. అన్నీ సరిగ్గా చేసింది. అత్తగారి కళ్ల వెంట మాత్రం నీళ్లు ఆగడం లేదు.

"అంత మంటగా ఉందా?"

"మంట కాదే! పరాయిదానితో మాట్లాడినట్టు మాట్లాడుతున్నావు. చెయ్యి పట్టుకున్నావు గానీ మనిషివి ఇక్కడ లేవు."

మీ పెదనాన్నకి కోపం ముంచుకొచ్చింది. "సన్నబడాలంటే సాయంత్రం నడవొచ్చుగా! పక్కగదిలో అమ్మ చెయ్యి కాల్చుకుంటే కళ్లు మూసుకుని కూర్చునే యోగా ఏం యోగా?"

పిట్ట గోడకి ఆనుకుని మెల్లగా అడిగింది. "నీతో మాట్లాడాలంటే మేము కూడా ఆ నంబరుకే ఫోన్ చెయ్యాలా అమ్మా?"

అప్పుడు చెప్పింది మీ పెద్దమ్మ, ఏడవకుండానే. "సన్నబడ్డానికి కాదండీ. అత్తయ్య చెయ్యి కాలిందని నాకు తెలుస్తోంది. అయ్యో అనిపించడం లేదు. చాలా రోజులుగా ఏదీ అనిపించడం లేదు. డాక్టరు కూర్చోమన్నాడు. అందుకని కూర్చుంటున్నాను."

పొయ్యి ఇంకా మండుతూనే ఉంది. మీ పెదనాన్న వెళ్లి ఆపాడు. నేల మీది పాలు తుడవడానికి కూర్చున్నాడు. తుడిచిన చోటే మళ్లీ మళ్లీ తుడిచాడు.

మర్నాడు పొద్దున మీ పెద్దమ్మ చాప పరిచేసరికి వరండా గుమ్మానికి అడ్డంగా ఒక స్టూలు. దాని మీద చేతికి కట్టుతో అత్తగారు, కాపలావాడిలా. కొడుకు అటు రాబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"లైన్ బిజీ. తర్వాత చేసుకో."

"నా సాక్సులమ్మా…"

"బిజీ అన్నానా! సాక్సులు లేకపోతే లిఫ్టు ఎక్కనివ్వరా నిన్ను?"

పిట్ట కిసుక్కున నవ్వింది. మీ పెద్దమ్మ ఫోన్ వైపు చెయ్యి చాపింది. అత్తగారు వద్దంది.

"ఆ గొంతు వద్దులే. వింటే నువ్వు డ్యూటీకి వెళ్లిపోతున్నావు. కళ్లు మూసుకో."

మూసుకుంది. తర్వాత వెనక నుంచి అత్తగారి గరగర గొంతు వినిపించింది.

"అమ్మాయ్. ఊపిరి పీల్చుకో. భయం లేదు. నేను లైన్లోనే ఉన్నా."

అన్నేళ్లుగా ఎందరికో చెప్పిన మాట అది. ఆమెకి మాత్రం అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

"అడ్రస్ చెప్పు," అంది అత్తగారు.

"ఇక్కడే… వాషింగ్ మెషీన్ పక్కన…" అంటూ ఆగింది. అది ఆఫీసు గొంతు కాదు. కింద నేల చల్లగా తగులుతోందని అప్పుడు తెలిసింది ఆమెకి. కన్నీళ్లు ధారగా ఏమీ రాలేదు తల్లీ, ఒక్క కంట్లో చెమ్మ, అంతే. అత్తగారు అది చూసి కూడా చూడనట్టు కూర్చుంది.

దాంతో అంతా బాగైపోయిందని రాయకు. కొన్ని రోజులు ఏమీ అనిపించదట ఇప్పటికీ. అయినా కూర్చుంటోంది. మొన్న మాత్రం పప్పులో ఉప్పు ఎక్కువైందని అత్తగారితో గట్టిగానే గొడవపడిందట. అత్తగారు ఆ సంగతి నాకు ఫోన్లో ఎంత సంబరంగా చెప్పిందో!

ఇది మీ అమ్మకి చదివి వినిపించు తల్లీ. ఆసుపత్రి డ్యూటీలతో తీరిక లేదంటూ, వాళ్లక్క పంపిన చాపని ఇంకా చుట్టిపెట్టే ఉంచిందటగా. డ్యూటీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కున్నాక పక్కన కూర్చుని చదువు. మధ్యలో నిద్రపోతే లేపకు. అక్కడే ఉండు.